పెరట్లో షెడ్డు: తలుపు పట్టేస్తే గుంజ కాళ్లకాడ చూడండి

ఉలవపాడు పక్కన మా పెరట్లో ఒక షెడ్డు, దర్శి అవతల మా బావమరిది దొడ్లో ఒక షెడ్డు. రెండూ నా చేత్తో కట్టినవే. కొలత ఒకటే: 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఆరు గుంజలు, పైన ఒకవైపు వాలుగా జింకు రేకులు, పక్కలకు చెక్కలు. ఒకే కాగితం మీద గీసుకున్న బొమ్మ. కానీ మాది సముద్రపు గాలి తగిలే ఇసుక నేల. వాళ్లది ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిచ్చే నల్లరేగడి. రెండేళ్లు తిరిగేసరికి ఈ షెడ్డుకు వచ్చిన జబ్బుకూ ఆ షెడ్డుకు వచ్చిన జబ్బుకూ పోలికే లేకుండా పోయింది.

మా ఊరి ఆచారి గారు ఒకసారి వచ్చి చుట్టూ తిరిగి చూసి అన్నారు: "తలుపు పట్టేస్తే తలుపును చూడబాకు అబ్బయ్యా, గుంజ కాళ్లకాడ చూడు." అప్పటి నుంచి నాకదే లెక్క. తప్పు ఎక్కడ కనబడితే అక్కడ సుత్తి ఎత్తకుండా, దానికి ఒక మెట్టు కింద ఏముందో చూస్తాను. పదింట ఏడెనిమిది సార్లు దొంగ అక్కడే దొరికాడు.

తలుపు పట్టేస్తోంది, భుజం పెట్టి నెడితే గానీ మూసుకోదు

చిత్రిక ముట్టుకోకండి. తలుపు మూసి చుట్టూ ఉన్న సందు చూడండి.

నాలుగు వైపులా ఒకే రకంగా బిగిసిందంటే చెక్క నీళ్లు తాగి ఉబ్బింది, అంతే. మన వైపు వానలు దంచేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకు. కార్తీకంలో పట్టేసిన తలుపు శివరాత్రి నాటికి తనంతట తనే వదులవుతుంది. వానల్లోనే చిత్రిక పట్టి సరిచేశానని మురిసినవాడు మే నెలలో ఆ సందులోంచి పిల్లి దూరుతుంటే చూస్తాడు. నేను చూశాను. వానల్లో ఎక్కడ రుద్దుకుంటోందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుని ఊరుకోండి. సంక్రాంతి దాటి చెక్క ఆరాక ఆ గీత వరకే చిత్రిక పట్టండి. కొత్త తలుపయితే ఎండాకాలంలో బిగించేటప్పుడే రెండు ఐదు రూపాయల బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత సందు వదలాలి. ఇంకొకటి: చెక్క నీళ్లు ఎక్కువగా తాగేది కోసిన కొనల నుంచి. రంగు వేసేవాళ్లు ముందూ వెనకా నున్నగా వేసి తలుపు అడుగు భాగాన్ని వదిలేస్తారు, ఎవరికీ కనబడదు కదా అని. తలుపు దించి, తిరగేసి, ఆ అడుగుకు రెండు పూతలు ఎక్కువే వెయ్యండి.

సందు ఒక మూల వెడల్పుగా, ఇంకో మూల మూసుకుపోయి ఉంటే కథ వేరు. గడియ వైపు కింది మూల నేలను గీస్తోంది, అదే వైపు పైన సందు పెరిగింది అనుకుందాం. బందు ఉన్న గుంజ పక్కన తూకం గుండు వేలాడదీయండి. గుంజ నిట్టనిలువుగా ఉంటే తలుపే జారింది. గుంజ వాలి ఉంటే ఈ భాగం వదిలేసి కిందికి పొండి.

తలుపు జారడానికి నూటికి తొంభై పాళ్లు కారణం ఏటవాలు పట్టె తిరగబడటం. చెక్కలు నిలువుగా పేర్చి, వెనక రెండు అడ్డపట్టెలు కొట్టి, వాటి మధ్య ఏటవాలుగా ఇంకో పట్టె కొడతాం కదా. ఆ పట్టె కింది కొన బందు వైపు ఉండాలి, పై కొన గడియ వైపు ఉండాలి. అప్పుడు తలుపు బరువు పట్టె మీదుగా దిగి కింది బందు మీద కూర్చుంటుంది. తిరగేసి కొడితే పట్టె లాగబడుతుంది. మేకుతో కొట్టిన చెక్క తోపుకు ఆగుతుంది గానీ లాగుడుకు ఆగదు, మేకు కాస్త కాస్తగా ఊడివస్తుంది. నా మొదటి తలుపుకు నేను తిరగేసే కొట్టాను. బొమ్మలో బాగానే గీసుకున్నాను. తలుపును నేల మీద బోర్లా పడుకోబెట్టి కొట్టేటప్పుడు కుడి ఎడమైంది. ఇప్పుడైతే బందులు ముందు బిగిస్తాను, పట్టె తరువాత.

ఆ పట్టె ఊడదీయడం ఇష్టం లేకపోతే ఇనప తీగతో సర్దుకోవచ్చు. తీగ లెక్క చెక్కకు సరిగ్గా ఎదురు: అది లాగుడుకే పనికొస్తుంది. కాబట్టి పై బందు మూల నుంచి గడియ వైపు కింది మూలకు కట్టి, మధ్యలో పుల్ల పెట్టి మెలి తిప్పండి. తలుపు మూల అర అంగుళం లేస్తుంది.

గుంజ వాలింది, లేదా ఊగుతోంది

నల్లరేగడిలో కారణం మట్టిదే. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పై మూడు నాలుగడుగుల్లోనే ఈ ఆట ఎక్కువ. మా బావమరిది షెడ్డుకు నేను ఇసుక నేలలో తీసినట్టే అడుగున్నర గుంత తీశాను. వేసవిలో గుంజ చుట్టూ నెర్రె వచ్చి పన్ను ఊగినట్టు ఊగింది. వానలకు ఒక గుంజ లేచింది, పక్కది లేవలేదు. దాంతో చట్రం మెలి తిరిగింది, తలుపు పట్టేసింది. బావమరిది మూడు సార్లు తలుపు కోశాడు, పాపం.

విరుగుడు: గుంత కనీసం 3 అడుగులు, వెడల్పు 2 అడుగులు. తీసిన నల్లమట్టి మళ్లీ అందులో వెయ్యకూడదు, ఒక్క పార కూడా. అడుగున అర అడుగు కంకర, గుంజ నిలబెట్టాక చుట్టూ గ్రావెల్. అరడుగు మందాన వేసి, తడిపి, దిమ్మిస కొట్టి, మళ్లీ అరడుగు. ఇప్పటికే కట్టిన షెడ్డయితే ఒక్కొక్క గుంజ చుట్టూ తవ్వి ఇదే పని చెయ్యాలి. ఒకేసారి రెండు తవ్వకండి. ఆ మూల వాసానికి కింద ఆసరా కర్ర పెట్టి, తవ్వి, నింపి, అప్పుడు తరువాతి మూలకు పోవాలి.

ఇసుకలో సమస్య ఉబ్బడం కాదు, పట్టు లేకపోవడం. గుంజ దిగుతుంది, గాలికి లేస్తుంది కూడా. దిగకుండా గుంత అడుగున నాపరాయి ముక్క పరవండి. లేవకుండా గుంజ పాదానికి అడ్డంగా రెండడుగుల కర్ర ఒకటి బోల్టుతో బిగించి పూడ్చండి. మీద ఉన్న ఇసుక బరువంతా దాన్ని తొక్కిపెట్టి ఉంచుతుంది.

రెండు నేలలకూ కలిపి ఒక మాట. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. మా షెడ్డుకు పల్లపు వైపు చూరు ఆరంగుళాలే వదిలాను, నీళ్లన్నీ సరిగ్గా గుంజ మొదట్లోనే పడి ఇసుకను కడిగేశాయి. చూరును అడుగు దాకా పెంచి, నీళ్లు పడే చోట పెంకు ముక్కలు పరిచాక గుంజ మళ్లీ కదల్లేదు.

గుంజ గట్టిగానే ఉంది, కానీ నేల దగ్గర స్క్రూడ్రైవరు దిగబడుతోంది

పుచ్చింది. చాలామంది గుంజ అడుగున కుళ్లుతుందనుకుని అడుగుకు మాత్రం తారు పూసి ఊరుకుంటారు. కుళ్లేది అక్కడ కాదు. తడీ గాలీ రెండూ దొరికే చోట, అంటే నేల మట్టానికి జానెడు పైనా జానెడు కిందా. తారు పూస్తే అక్కడ పూయండి.

కర్ర ఎంపికలో కూడా తప్పు ఉంటుంది. మన తీరంలో చవకగా దొరికేది సరుగుడు. నిలువు బరువుకు ఇనుములాంటిది, నేలలో పాతితే మాత్రం రెండు మూడేళ్లకు మించి నమ్మను. జామాయిల్ ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది. నల్లతుమ్మ, వేప చేవ బాగుంటాయి. చేవ చుట్టూ ఉండే తెల్ల కట్టె మాత్రం పురుగు పాలే. అడితిలో కొనేటప్పుడు కొన చూడండి. నడుమ ముదురు రంగు ఎంత ఉందో అంతే మీరు కొంటున్న కర్ర, మిగతాది పురుగు వాటా.

సిమెంటు కాంక్రీటులో పాతితే పుచ్చదనుకోవడం ఇంకో భ్రమ. కర్ర ఆరాక ముడుచుకుంటుంది, కర్రకూ కాంక్రీటుకూ మధ్య సందు వస్తుంది, అందులో వాన నీళ్లు గ్లాసులో పోసినట్టు నిలుస్తాయి. కాంక్రీటు వేస్తే పైభాగం గుంజ నుంచి బయటికి వాలుగా తియ్యండి, అడుగు మూయకుండా కంకర మీదే గుంజ నిలబెట్టండి.

ఇప్పటికే పుచ్చిన గుంజను మార్చనక్కర్లేదు. ప్రకాశంలో కంచెలకు పాతే రాతి కూసాలు ఉంటాయి కదా, ఒక నాలుగడుగుల ముక్క చాలు. వాసం కింద ఆసరా పెట్టి, గుంజను నేలకు 9 అంగుళాల పైన కోసి పారేసి, ఆ పక్కనే కూసం పాతి, దానికీ గుంజకూ రెండు చోట్ల బోల్టులు వెయ్యండి. బోల్టులు ఒకే నిలువు గీతలో కాకుండా కొంచెం అటూ ఇటూ వెయ్యాలి, లేకపోతే కర్ర ఆ గీత వెంబడే పగులుతుంది. రాయికి రంధ్రం కొట్టేవాళ్లు చీమకుర్తి వైపు కొదవలేదు. మా ఆరు గుంజల్లో నాలుగు ఇప్పుడు రాతి కాళ్ల మీదే నిలబడి ఉన్నాయి.

కర్ర మీద మట్టి గీతలు, లేదా కింద పిండి

మట్టి గీతలైతే చెదలు, మెత్తటి పిండి రాలుతుంటే పుచ్చు పురుగు. రెండింటికీ ఒకే మందు కొట్టేవాళ్లు డబ్బు దండగ చేసుకుంటున్నట్టే.

చెదలు నేలలోంచి వస్తాయి. గీతను గోకేసి వదిలేస్తే వారంలో మళ్లీ కట్టుకుంటాయి. దారి తెంచాలి: షెడ్డు చెక్కలు నేలకు కనీసం ఆరంగుళాలు ఎత్తులో ఉండాలి. గోడకు ఆనించి కట్టెలు, మట్టలు, పాత గోనెలు పేర్చకూడదు. చెదలకు అవే మెట్లు. మందు కొట్టాల్సింది కర్రకు కాదు, గుంజ చుట్టూ మట్టికి. డబ్బా మీద రాసిన పాళ్లు దాటకండి, బావి పక్కన కొట్టకండి.

పుచ్చు పురుగు తెల్ల కట్టెలోని పిండి పదార్థం కోసం వస్తుంది. వెదురును అమావాస్యకు కొడితే పురుగు పట్టదని మా నాయనమ్మ అనేది. అమావాస్య సంగతి నాకు తెలియదు గానీ, కొట్టిన వెదురును చెరువులో నానేస్తే పిండి కరిగిపోతుంది, పురుగు తగ్గుతుంది, అది చేసి చూశాను. కోసిన చెక్కలకైతే 20 లీటర్ల వేడినీళ్లలో 600 గ్రాముల బోరాక్స్, 400 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, కొత్త చెక్కకు ఆగి ఆగి మూడు సార్లు పూయండి. ఇది నీళ్లలో కరిగేది, వానకు కొట్టుకుపోతుంది. రేకుల కింద ఉండే వాసాలకు, లోపలి చెక్కలకే వాడండి. వాడేసిన ఇంజినాయిలు పూసేవాళ్లు మా ఊళ్లో సగం మంది. పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు, ఆ షెడ్డులో వడ్ల బస్తా పెడితే బియ్యానికి కంపు. నేను మానేశాను.

రేకు కారుతోంది

నీళ్లు పడే చోట రంధ్రం ఉండదు. రేకు అడుగున, అడ్డపట్టె వెంబడి నాలుగడుగులు పాకి అప్పుడు చుక్క పడుతుంది. కాబట్టి కింద చుక్క పడే చోటికి పైన సీలెంటు పూస్తే ఏ లాభమూ లేదు. ఎండ రోజున ఒకరు లోపల, ఒకరు నిచ్చెన మీద ఉండి చెంబుతో నీళ్లు పోయండి. పై నుంచి కాదు, చూరు నుంచి మొదలుపెట్టి, వరస వరసగా పైకి. పై నుంచి పోస్తే నీళ్లన్నీ కిందికి జారి ప్రతి మేకూ దొంగలాగే కనబడుతుంది.

దొరికే దొంగలు ఎక్కువగా వీళ్లే. ఒకటి, స్క్రూ రేకు పల్లంలో ఉంటుంది. నీళ్లు పారేది పల్లంలోనే కదా. గుండ్రటి అలల రేకుకు స్క్రూ గట్టు మీదే పడాలి. గట్టు ఎత్తు పోను కర్రలోకి అంగుళంన్నర దిగేంత పొడవు స్క్రూ తీసుకోవాలి. రెండు, రబ్బరు వాచరు. మరీ బిగిస్తే చితికి పక్కలకు ఉబ్బి రెండు ఎండాకాలాలకే పగులుతుంది, వదులుగా ఉంటే సరేసరి. వాచరు కొంచెం నొక్కుకుని, చుట్టూ సమానంగా కనబడేంత వరకే. రోహిణి కార్తెలో రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, రాత్రికి చల్లబడి ముడుచుకుంటుంది. ఈ రోజువారీ సాగుడికే చాలా స్క్రూలు వదులవుతాయి. ఏటా వానలకు ముందు ఒకసారి బిగింపు చూసుకోవాలి. మూడు, రేకు మీద రేకు. పక్కలకు ఒకటిన్నర అల, కింద మీద ఆరంగుళాలు ఎక్కాలి. పక్క అతుకు నోరు ఈశాన్యానికి తెరిచి ఉండకూడదు, మన వాన గాలి అటు నుంచే కొడుతుంది. నేను మొదట పని సులువని తూర్పు చివర నుంచి వేసుకుంటూ పోయాను, అతుకు నోళ్లన్నీ గాలికి ఎదురయ్యాయి. మొత్తం ఊడదీసి పడమర నుంచి వేశాను. రోజున్నర పని.

వాలు అడుగుకు 2 అంగుళాల కన్నా తక్కువుంటే ఇవన్నీ సరిగ్గా ఉన్నా గాలివానకు నీళ్లు అతుకులోంచి ఎదురెక్కుతాయి. అప్పుడు విరుగుడు సీలెంటు కాదు, మెరక వైపు గుంజల మీద దిమ్మలు పెట్టి పైకప్పు లేపడమే.

మార్గశిరంలో తెల్లవారుజామున వాన లేకుండానే కారితే కంగారుపడకండి. అది మంచు చెమట. మెరక వైపు గోడకూ రేకుకూ మధ్య నాలుగంగుళాలు తెరిచి జల్లెడ కొడితే ఆగుతుంది. వేసవిలో వేడి పోయేదీ అటునుంచే.

ఎవరో విప్పి పారేసిన పాత సిమెంటు రేకులు చవకగా వస్తే వద్దనండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినా తొలిచినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

గాలివానకు పైకప్పు లేచింది

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. భవనాల మీద గాలి లెక్కకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పెరటి షెడ్డును దానికి తట్టుకునేట్టు కట్టలేకపోవచ్చు. కానీ మామూలు వాయుగుండానికి ఎగిరిపోయే షెడ్లు చాలావరకు ఒకే తప్పుతో పోతాయి.

పైకప్పు బరువు కిందికి ఉంటుందని మనం మేకులన్నీ పై నుంచి కిందికి కొడతాం. గాలి పైకి లాగుతుంది. నిలువుగా దిగిన మేకును నిలువుగా లాగితే ఊడిరాక ఏం చేస్తుంది? రేకుకూ అడ్డపట్టెకూ, అడ్డపట్టెకూ వాసానికీ, వాసానికీ దూలానికీ, దూలానికీ గుంజకూ, గుంజకూ నేలకూ - ఇదొక గొలుసు. ఎక్కడ లంకె బలహీనమో అక్కడే తెగుతుంది. మా పక్కింటి వాళ్లది రేకులు పోలేదు, వాసాలతో సహా లేచి రోడ్డు అవతల పడ్డాయి. స్క్రూలు ఒక్కటీ ఊడలేదు, అంత బాగా బిగించారు.

వాసం మీదుగా జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పట్టీ వేసి, దూలం రెండు పక్కలకూ దించి, పక్కల నుంచి మేకులు కొట్టండి. అప్పుడు మేకును ఊడదీయాలంటే గాలి దాన్ని అడ్డంగా కొయ్యాలి. పట్టీ దొరక్కపోతే మందపాటి జీఐ తీగ రెండు చుట్లు. చూరు దగ్గరా, మూలల దగ్గరా స్క్రూలు నడిమి వాటి కన్నా దగ్గర దగ్గరగా ఉండాలి, లాగుడు అక్కడే ఎక్కువ. చూరును అడుగున్నరకు మించి బయటికి వదలకండి. మూల గుంజలకు ఏటవాలు పట్టెలు రెండు దిక్కులా వెయ్యండి. ఉప్పు గాలికి మామూలు ఇనప మేకు తలలు రెండేళ్లకు రాలిపోతాయి. తీరం పక్కన ఉన్నవాళ్లు కనీసం ఈ కట్లకైనా జీఐ వాడండి.

రేకు ఒక చివర చూరు దాటింది, ఇంకో చివర లోపలికి పోయింది

రేకు తప్పు కాదు, ముగ్గు పోసినప్పుడే మూల తప్పింది. టేపుతో ఒక పక్క 6 అడుగులు, ఇంకో పక్క 8 అడుగులు గుర్తు పెడితే వాటి మధ్య సరిగ్గా 10 రావాలి. ఆ పైన మూల నుంచి మూలకు రెండు కొలతలూ ఒకటే కావాలి. మన 10కి 8 షెడ్డుకు అది 12 అడుగుల 9 అంగుళాలు, ఆ పైన ముప్పావు అంగుళానికి కొంచెం తక్కువ. కట్టేసిన తరువాత తెలిస్తే గుంజలు పీకకండి. చూరు చివర నూలు దారం కట్టి, దాని వెంబడి రేకు కొసలు కత్తిరించండి. కోసిన అంచుకు జింకు రంగు పూయాలి, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

మేకు కొడితే చెక్క పగులుతోంది

మేకు మొనను సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొద్దు చెయ్యండి. పదును మొన నారను చీలుస్తుంది, మొద్దు మొన నారను తెంపుకుంటూ దిగుతుంది. చెక్క కొనకు రెండంగుళాల లోపు కొట్టకండి, తప్పకపోతే ముందు సన్నటి రంధ్రం వెయ్యండి. సరుగుడు, తుమ్మలాంటి వాటికి ఎక్కడైనా సరే రంధ్రం తప్పదు. మేకు పొడవు పై చెక్క మందానికి రెండున్నర రెట్లు.

షెడ్డులోకి ఎలుకలు, వాటి వెనకే పాములు

ఇంత చెప్పాక మళ్లీ తలుపు దగ్గరికే వచ్చాం. అడుగున సందు వదలమన్నది నేనే, ఆ సందులోంచే ఇవి వస్తాయి. సందు మూయడానికి చెక్క కొడితే వానకు అదీ ఉబ్బుతుంది. పాత సైకిలు టైరును పొడుగ్గా కోసి, తలుపు అడుగున లోపలి వైపు, నేలకు కొంచెం రాసుకునేట్టు మేకులతో కొట్టాను. తలుపు తెరిచినప్పుడల్లా చర్రుమంటుంది. మా ఆవిడకు ఆ చప్పుడు నచ్చలేదు, కానీ టైరు మాత్రం తియ్యనివ్వదు.